లద్దాఖ్ జనాభా, ఆర్థిక స్థితిగతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

లద్దాఖ్ గురించి తెలుగులో దొరికే సమాచారంలో ఎక్కువ భాగం యాత్రకు సంబంధించినదే. అక్కడ ఎవరు ఉంటున్నారు, దేనిమీద బతుకుతున్నారు, వారి సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా అన్న ప్రశ్నలకు ఒకచోట జవాబులు దొరకవు. ఆ ప్రాంతం గురించిన అంకెలు చదివేటప్పుడు ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. అక్కడ ఎంతమంది ఉన్నారన్నది మీరు ఏ నెలలో, ఏ ఎత్తున నిలబడి లెక్కపెట్టారన్నదాన్ని బట్టి మారిపోతుంది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

లద్దాఖ్ జనాభా ఎంత?

2011 జనగణన ప్రకారం 2,74,289. అందులో లేహ్ జిల్లావారు 1,33,487 మంది, కార్గిల్ జిల్లావారు 1,40,802 మంది. ఈ రెండు జిల్లాల విస్తీర్ణం 59,146 చదరపు కిలోమీటర్లు కాబట్టి సగటున చదరపు కిలోమీటరుకు ఐదుగురు కూడా లేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా పెద్ద జిల్లా అయిన అనంతపురం విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, 2011లో అక్కడి జనాభా నలభై లక్షల పైచిలుకు. లేహ్ జిల్లా ఒక్కటే 45,110 చదరపు కిలోమీటర్లు. అంటే రెండు అనంతపురాలు అందులో పట్టగా ఇంకా చోటు మిగులుతుంది, జనం మాత్రం మనవైపు ఓ మోస్తరు పట్టణంలో ఉండేంత మంది.

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కనుక ఆ తర్వాతి అంకెలన్నీ అంచనాలే. ఇప్పటి జనాభాను సుమారు మూడు లక్షలుగా లెక్కవేస్తున్నారు. 2024 ఆగస్టులో కేంద్రం జన్‌స్కార్, ద్రాస్, శామ్, నుబ్రా, చాంగ్‌తాంగ్ అనే ఐదు కొత్త జిల్లాలను ప్రకటించింది. అయినా జనాభా వివరాలు కావలసినవారు పాత రెండు జిల్లాల లెక్కల్లోనే వెతుక్కోవాలి.

అంత విశాలమైన నేల మీద అంత తక్కువ మంది ఎందుకున్నారు?

చలివల్ల అని చాలామంది అనుకుంటారు. చలి కారణమే గాని, అసలు కారణం నీరు. లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, ఏడాదికి అక్కడ కురిసే వాన, మంచు కలిపి 100 మిల్లీమీటర్లు అటూఇటూ. కరువు సీమగా పేరుపడ్డ అనంతపురంలో కూడా దానికి ఐదింతలకు పైగా కురుస్తుంది. హిమాలయాలు రుతుపవన మేఘాలను దక్షిణం వైపే ఆపేయడంతో అటువైపున్న లద్దాఖ్‌కు మిగిలేది కొండలపై కరిగే మంచు, హిమానీనదాల నుంచి దిగివచ్చే వాగులు మాత్రమే. అటువంటి వాగు లోయలోకి దిగే చోట ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరి చుట్టూ నాలుగు మడుల బార్లీ, కొన్ని పాప్లార్, విల్లో చెట్లు ఉంటాయి. పచ్చదనం దాటి పది అడుగులు వేస్తే రాళ్లూ ఇసుకా తప్ప ఏమీ ఉండవు.

మన చెరువు కింది ఆయకట్టు ఊళ్లలో నీళ్లు వంతుల ప్రకారం వదిలే నీరటి ఉన్నట్టే అక్కడ చుర్‌పోన్ అనే మనిషి ఉంటాడు. వాగు నుంచి తీసిన పిల్లకాలువను యూరా అంటారు, రాత్రి పారిన నీటిని పట్టి ఉంచే చిన్న కుంటను జింగ్ అంటారు. తెల్లవారగానే ఆ కుంట తూము తీసి, ఒక్కొక్క మడికి మట్టికట్ట తెంచుతూ, నిండగానే మూస్తూ, వంతు వచ్చినవారికి నీరిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో విత్తనం వేసే సమయానికి మంచు కరగడం ఆలస్యమైతే ఆ ఏటి పంట ఆ మేరకు పోయినట్టే. నేల ఎంత ఉన్నా, ఆ వాగు ఎన్ని మడులు తడపగలదో ఊరు అంతకు మించి పెరగదు.

ఈ పరిమితిని అక్కడి సమాజం తరతరాలుగా తన కుటుంబ నిర్మాణంలోనే ఇముడ్చుకుంది. భూమి ముక్కలు కాకుండా పెద్ద కొడుకుకు దక్కేది, అన్నదమ్ములు ఒకే స్త్రీని పెళ్లాడే ఆచారం ఉండేది, ప్రతి ఇంటి నుంచి ఒకరిద్దరు పిల్లలు బౌద్ధారామాలకు వెళ్లేవారు. వెరసి ఒక తరంలో ఒక ఇంటికి ఒకే సంసారం. బహుభర్తృత్వాన్ని 1941లో చట్టం నిషేధించింది. తర్వాత ఆస్తి పంపకాలు మొదలయ్యాయి, ఇళ్లు వేరుపడ్డాయి, బయటి నుంచి ధాన్యం రావడం మొదలైంది. 1981లో 1,34,372గా ఉన్న జనాభా 2011 నాటికి రెండింతలు దాటింది. మధ్యలో 1991లో జమ్మూ కశ్మీర్‌లో జనగణనే జరగలేదు.

స్త్రీపురుష నిష్పత్తి అంత ఘోరంగా ఎందుకు కనిపిస్తోంది? ఆడపిల్లలపై వివక్ష ఉందా?

2011లో లేహ్ జిల్లాలో ప్రతి వెయ్యి మంది పురుషులకు 690 మంది స్త్రీలు, కార్గిల్‌లో 810 మంది ఉన్నట్టు నమోదైంది. ఈ అంకెను పట్టుకుని లద్దాఖ్ కుటుంబాలు ఆడపిల్లలను వద్దనుకుంటున్నాయని రాసినవారున్నారు. అది పొరపాటు. జనగణన రోజున అక్కడున్న సైనికులు, రోడ్డు పనుల కూలీలు, నిర్మాణ కార్మికులు కూడా లెక్కలోకి వస్తారు, వారిలో దాదాపు అందరూ పురుషులే. లేహ్ జిల్లాలో నమోదైన 78,971 మంది పురుషుల్లో స్థానికులు కానివారు వేల సంఖ్యలో ఉన్నారు. అదే జిల్లాలో హిందువులు 17 శాతం దాకా కనిపించడానికీ ఇదే ప్రధాన కారణం.

ఇంత చిన్న జనాభా ఉన్నచోట ఒక పటాలం మకాం మారితే శాతాలు మారిపోతాయి. లద్దాఖ్ గురించి ఏ శాతం చదివినా, దాని వెనుక అసలు సంఖ్య ఎంతో చూడకుండా నమ్మకూడదు.

జనాభా పెరుగుతోందా, తగ్గుతోందా?

మొత్తం సంఖ్య పెరుగుతోంది, పుట్టుకలు మాత్రం బాగా తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం లద్దాఖ్‌లో ఒక స్త్రీకి సగటు సంతానం 1.3. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కు 1.7, తెలంగాణకు 1.8 వచ్చింది. తరం మారినా జనాభా నిలకడగా ఉండాలంటే ఈ సగటు 2.1 దగ్గర ఉండాలి. జనాభా తగ్గుదల గురించి తెలుగు రాష్ట్రాల్లో ఈమధ్య జరుగుతున్న చర్చ లద్దాఖ్‌లో ఇరవై ఏళ్ల కిందటే, వేరే రూపంలో, మొదలైంది.

ఆ రూపం కొంత సున్నితమైనది. లేహ్‌లో బౌద్ధులు, కార్గిల్‌లో షియా ముస్లింలు అధిక సంఖ్యాకులు. మొత్తం మీద 2011లో ముస్లింలు 46 శాతం, బౌద్ధులు సుమారు 40 శాతం. తమ వాటా తగ్గిపోతోందన్న ఆందోళనతో లేహ్‌లోని కొన్ని బౌద్ధ సంస్థలు కుటుంబ నియంత్రణకు వ్యతిరేకంగా ప్రచారం చేశాయి. సంతానం తగ్గడానికి చెప్పే కారణాలు మాత్రం ఎక్కడైనా ఉండేవే. ఆడపిల్లలు చదువుకుంటున్నారు, పెళ్లి వయసు పెరిగింది, పిల్లల్ని జమ్మూకో చండీగఢ్‌కో పంపి చదివించాలంటే ఒకరిద్దరికి మించి భరించలేమని తల్లిదండ్రులు లెక్క వేసుకుంటున్నారు. ఏ మతం ఇంట్లోనైనా ఈ లెక్క ఒకటే.

పల్లెలు ఖాళీ అవుతున్నాయన్న మాట నిజమేనా?

నిజం, అయితే ఊళ్లకు ఊళ్లు ఒక్కసారిగా లేచిపోవడం అరుదు. నీటి ఊట ఎండిపోయి లేహ్ జిల్లాలోని కులుం వంటి ఊరు ఖాళీ కావడం, జన్‌స్కార్‌లోని కుమిక్ ఊరివారు వాగు చిక్కిపోవడంతో కిందికి, నది దగ్గరి మెట్టనేలకు మారాల్సిరావడం వంటివి ఉన్నాయి. ఎక్కువచోట్ల జరిగేది మాత్రం నిదానమైన తరుగుదల. మొదట పిల్లలు లేహ్ బడికి వెళ్తారు. వారికి వండిపెట్టడానికి తల్లి వెళ్తుంది. తండ్రి ఉద్యోగమో టాక్సీయో అక్కడే చూసుకుంటాడు. ఊళ్లో తాతా నాయనమ్మా, రెండు ఆవులూ మిగులుతాయి. ఊరి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులూ ముగ్గురు పిల్లలూ ఉన్న పరిస్థితి అక్కడ కొత్త కాదు, పిల్లలు లేక మూతపడ్డ బడులు కూడా ఉన్నాయి.

ఇల్లు మాత్రం వదులుకోరు. కాగితం మీద కుటుంబం ఊళ్లోనే ఉంటుంది, రేషన్ అక్కడే, ఓటు అక్కడే, కోతల సమయానికి అందరూ అక్కడికే వస్తారు. అందుకే లేహ్ పట్టణ జనాభా 2011లో 30,870 అని చెప్పే లెక్కకూ, అక్కడి రోడ్ల మీద, కుళాయిల దగ్గర కనిపించే రద్దీకీ పొంతన కుదరదు. కార్గిల్ పట్టణం 2001లో 10,657 నుంచి పదేళ్లలో 16,338కి పెరిగింది. నిజమైన వలస ఇంకా ఎక్కువే అయి ఉంటుందని నా ఉద్దేశం.

అక్కడి జనం ప్రధానంగా దేనిమీద బతుకుతున్నారు?

ప్రభుత్వ జీతం, సైన్యం, యాత్రికులు. మూడూ బయటి నుంచి వచ్చే డబ్బే. సాగు, పశుపోషణ ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి గాని, అవి ఇంటి తిండికి, ఊరి గౌరవానికి పనికొచ్చినంతగా నగదుకు పనికిరావడం లేదు.

2024-25లో కేంద్రం లద్దాఖ్‌కు కేటాయించిన మొత్తం 5,958 కోట్ల రూపాయలు. మూడు లక్షల మందికి పంచి చూస్తే తలకు దాదాపు రెండు లక్షలు పడుతుంది. అది చూసి అక్కడివారంతా ధనవంతులనుకోవడం అమాయకత్వం. ఆ డబ్బులో పెద్ద వాటా రోడ్లకు, భవనాలకు, ఆ ఎత్తుకు ప్రతి ఇటుకనూ ప్రతి సిమెంటు బస్తానూ లారీల్లో చేర్చడానికే ఖర్చవుతుంది.

సైన్యం అక్కడ కేవలం రక్షణ వ్యవస్థ కాదు, అతిపెద్ద కొనుగోలుదారు కూడా. సహకార సంఘాలు పండించిన బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్ శిబిరాలకు వెళ్తాయి. గ్రామీణ యువకులు కూలీలుగా సరుకు మోస్తారు, భారత సైన్యంలోని స్థానిక దళమైన లద్దాఖ్ స్కౌట్స్‌లో చేరతారు. ఆ ఎత్తున కూరగాయలు పండించే పద్ధతుల మీద లేహ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ కొన్ని దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఈ ఏర్పాటుకు పునాది 1962 చైనా యుద్ధం. శ్రీనగర్ నుంచి లేహ్‌కు మోటారు రోడ్డు ఆ రోజుల్లోనే పడింది.

పర్యాటకం ఎంత పెద్దది? దానివల్ల లాభపడుతున్నది ఎవరు?

1974లో తొలిసారి విదేశీయులకు తలుపులు తెరిచిన ఏడాది అక్కడికి వెళ్లినవారు కొన్ని వందల మంది. 2018లో మూడు లక్షల పాతికవేలు దాటారు. 2023లో సుమారు అయిదు లక్షల పాతికవేల మంది వచ్చారు, అంటే స్థానికులందరి కంటే ఎక్కువ. 2024లో ఆ సంఖ్య మూడు లక్షల డెబ్బై అయిదు వేల దగ్గరకు పడిపోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి, మే నెలలో సరిహద్దు ఘర్షణ, కొన్నాళ్లపాటు లేహ్ విమానాశ్రయం మూత, అదీ సరిగ్గా సీజన్ మొదట్లో. మే నుంచి సెప్టెంబరు దాకా నడిచే నాలుగైదు నెలల వ్యాపారంలో మొదటి నెల పోతే ఆ ఏటి బ్యాంకు వాయిదాలు వెనకబడతాయి.

2000కు ముందు వచ్చినవారిలో ఎక్కువమంది విదేశీయులు, వారాల తరబడి ఉండి ఊరూరా నడిచేవారు. ఇప్పుడు ఎక్కువమంది మనవాళ్లే, ఐదారు రోజుల్లో లేహ్, నుబ్రా, పాంగాంగ్ చుట్టి వెళ్లిపోయేవారు. నడిచేవారి డబ్బు పల్లెల్లో గుర్రపువాడికీ బస ఇచ్చిన ఇంటికీ దక్కేది. కారులో తిరిగేవారి డబ్బు హోటలుకూ టాక్సీకీ దక్కుతోంది. యాత్రికుల సంఖ్య పెరగడాన్ని అభివృద్ధిగా రాసే వార్తల్లో ఈ తేడా కనిపించదు.

స్థానికుల పట్టు అసలే లేదని కాదు. బయటి రాష్ట్రాల నుంచి అద్దెకు తెచ్చిన మోటారుసైకిళ్లను, కార్లను అక్కడ తిప్పనివ్వకుండా టాక్సీ, బైకు సంఘాలు గట్టిగా అడ్డుకుంటాయి. హైదరాబాద్ నుంచి మనాలి చేరి అక్కడ బండి అద్దెకు తీసుకుని వెళ్లేవారు ఇది ముందుగా తెలుసుకోకపోతే లేహ్‌లో మళ్లీ డబ్బు కట్టి వేరే బండి తీసుకోవాల్సి వస్తుంది. చాలామందికి ఇది దౌర్జన్యంగా తోస్తుంది. నాలుగు నెలల సంపాదనతో పన్నెండు నెలలు నెట్టుకురావాల్సినవారి వైపు నుంచి చూస్తే అంత అన్యాయమనిపించదు.

నీటి మీద పర్యాటకం ప్రభావం ఏమిటి?

పాత లద్దాఖీ ఇంట్లో మరుగుదొడ్డి మేడమీద ఉంటుంది. మట్టి పరిచిన గదిలో నేలకు ఒక రంధ్రం, మూలన ఒక మట్టికుప్ప, ఒక పార. పని అయ్యాక రెండు పారల మట్టి కిందికి తోస్తారు. కింది అరలో ఏడాదంతా చేరినది ఎరువై వసంతంలో పొలానికి వెళ్తుంది. ఒక్క చుక్క నీరు అక్కర్లేదు, వాసన కూడా ఉండదు. నీళ్ల లేమినీ, నేలలో సారం లేమినీ ఒకే గదిలో పరిష్కరించిన ఏర్పాటు అది.

హోటలు గదికి నీళ్లు పోసే మరుగుదొడ్డి, షవరు తప్పవు. వాటి కోసం లేహ్‌లో బోర్లు వేశారు, సింధు నది నుంచి నీటిని పైకి తోడుతున్నారు, ట్యాంకర్లు తిరుగుతున్నాయి. మురుగు గుంతల్లోకి దిగి అదే భూగర్భ జలంలో కలిసే ప్రమాదం ఉంది. ఊటలు ఎండినచోట, వసంతకాలపు నీటి కొరతను తీర్చడానికి ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ 1980ల నుంచి కృత్రిమ హిమానీనదాలు కట్టారు, ఆయనకు 2015లో పద్మశ్రీ వచ్చింది. శీతాకాలపు నీటిని గొట్టం ద్వారా ఎగజిమ్మి స్థూపాకారంలో గడ్డకట్టించే పద్ధతిని తర్వాత సోనం వాంగ్‌చుక్ ప్రచారంలోకి తెచ్చారు. ఇవి ఊరి పొలానికి సాయపడతాయి. పట్టణపు హోటళ్ల దాహాన్ని తీర్చడానికి పుట్టినవి కావు.

పశ్మీనాకు అంత ధర ఉన్నప్పుడు దాన్ని పెంచేవారు ఎందుకు తగ్గిపోతున్నారు?

చాంగ్‌తాంగ్ పీఠభూమిలో సంచార జీవనం గడిపే చాంగ్‌పాలు పశ్మీనా అనే మెత్తటి ఉన్నినిచ్చే మేకలను పెంచుతారు. ఎండాకాలం రాగానే మేక కాళ్లు కట్టి పడుకోబెట్టి, పొడవాటి ఇనుప పళ్ల దువ్వెనతో మెడ నుంచి పొట్ట దాకా దువ్వుతారు. పైనున్న ముతక వెంట్రుకల కింద చలికాలంలో పెరిగిన మెత్తటి నూగు దువ్వెనకు పొరలు పొరలుగా అంటుకుని వస్తుంది. ఒక మేక నుంచి ఏడాదికి వచ్చేది పావుకిలో అటూఇటూ, ముతక వెంట్రుకలు ఏరేశాక ఇంకా తక్కువ. దాన్ని శాలువాగా మార్చే వడుకు, నేత ఎక్కువగా కశ్మీర్‌లో జరుగుతాయి. శాలువా ధరలో మేక కాసిన ఇంటికి దక్కే వాటా ఎంత చిన్నదో దీన్నిబట్టి ఊహించవచ్చు. 2023లో లద్దాఖ్ పశ్మీనాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేతపనిని లేహ్‌లోనే పెంచే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

మున్నూట అరవై అయిదు రోజులూ మందతో ఉండాలి, చలికాలంలో సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి పోయే చోట డేరాలో ఉండాలి, పిల్లల బడి ఎక్కడో దూరాన ఉంటుంది. ఖర్నాక్ ప్రాంతపు కుటుంబాలు చాలావరకు మందలు అమ్ముకుని లేహ్ శివార్లలోని ఖర్నాక్‌లింగ్ కాలనీలో స్థిరపడ్డాయి. పీఠభూమిలో మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని. దీనికి తోడు సరిహద్దు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా ఇరవై మంది సైనికులు ప్రాణాలిచ్చిన ఘర్షణ తర్వాత, కొన్ని ప్రాంతాల్లో ఇరుసేనల మధ్య ఖాళీ జాగాలు ఏర్పాటు చేశారు. పాత శీతాకాలపు మేతభూములు కొన్ని అందకుండా పోయాయని పశుపోషకులు అంటున్నారు.

వ్యవసాయం ఎలా ఉంది?

ఏడాదికి ఒక్కటే పంట. బార్లీ, గోధుమ, బఠానీ, పశువులకు అల్ఫాల్ఫా. వేయించిన బార్లీ పిండి, అంటే మన పేలపిండి వంటిదే, ఒకప్పుడు ప్రధాన ఆహారం. చౌక ధరల దుకాణంలో బియ్యం దొరకడం మొదలయ్యాక ఇంటి తిండిగా బార్లీ ప్రాధాన్యం తగ్గింది. కొన్ని పొలాల్లో కూరగాయలు, కొన్నింటిలో ఇళ్లు లేచాయి.

పండ్లలో ఆప్రికాట్‌ది అగ్రస్థానం, దాన్ని అక్కడ చులి అంటారు. దేశంలో దాన్ని అందరికన్నా ఎక్కువగా పండించేది లద్దాఖే. కార్గిల్, శామ్ లోయల్లో మేడల మీద ఆరబోసిన నారింజరంగు పండ్లు ఆగస్టులో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. తెల్లటి గింజ ఉండే రక్త్‌సే కార్పో రకానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మన ఖుబానీ కా మీఠాలోకి వెళ్లేది ఇదే పండు. హైదరాబాద్ బజారులో అఫ్గానిస్థాన్ సరుకుదే చాలాకాలంగా పేరు గాని, లద్దాఖ్ సరుకు పెద్ద నగరాలకు చేరడం ఈమధ్య పెరిగింది.

ఉద్యోగాలు లేవంటారు, మరి బిహార్, ఝార్ఖండ్, నేపాల్ నుంచి కూలీలు ఎందుకు వెళ్తున్నారు?

పనీ ఉద్యోగమూ ఒకటి కాదు కాబట్టి. లద్దాఖ్ యువత చాలావరకు చదువుకున్నది, వారికి కావలసింది ప్రభుత్వ కొలువు లేదా సొంత టాక్సీ, అతిథి గృహం. రోడ్డుకు కంకర పరిచేదీ, ఇంటి గోడలు కట్టేదీ, ఇప్పుడు చాలాచోట్ల కోతలు కోసేదీ కూడా బయటి కూలీలే. సరిహద్దు రోడ్ల సంస్థ పనులకు ఝార్ఖండ్‌లోని దుమ్కా ప్రాంతం నుంచి తరతరాలుగా మనుషులు వెళ్తున్నారు. 2020 లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వారిలో అరవై మందిని ఝార్ఖండ్ ప్రభుత్వం లేహ్ నుంచి విమానంలో రప్పించినప్పుడు గాని ఆ సంగతి దేశానికి తెలియలేదు. మే నెలలో వచ్చి అక్టోబరులో వెళ్లిపోయే ఈ జనం లేనిదే లద్దాఖ్‌లో ఏ నిర్మాణమూ లేదు.

రోడ్లు, సొరంగాలు పూర్తయితే పరిస్థితి మారుతుందా?

మారుతుంది, అది ఏ వైపుకన్నదే ప్రశ్న. శ్రీనగర్ మార్గంలో 3,500 మీటర్ల ఎత్తున్న జోజీలా కనుమ ఒకప్పుడు ఏటా ఐదారు నెలలు మూసి ఉండేది. మంచు తొలగించే పనిని వేగవంతం చేసి ఇటీవల ఆ వ్యవధిని నెల, నెలన్నరకు కుదించారు. ఆ కనుమ కింద పదమూడు కిలోమీటర్ల సొరంగాన్ని హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ తవ్వుతోంది, 2020లో ఆ కాంట్రాక్టు దక్కింది. దానికి ముందుండే సోనామార్గ్ సొరంగం 2025 జనవరిలో ప్రారంభమైంది. మనాలి వైపు అటల్ సొరంగం 2020లోనే తెరుచుకుంది, జన్‌స్కార్ దారిలో షింకు లా సొరంగం పని 2024లో మొదలైంది.

దారి మూసుకున్నంత కాలం ఇళ్లలో ఒక క్రమం ఉండేది. బంగాళాదుంప, క్యారెట్, టర్నిప్ దుంపలను నేలమాళిగలో పూడ్చిపెట్టి, గ్యాసుబండలూ పప్పులూ అక్టోబరుకే చేర్చుకుని, అత్యవసరమైతే విమానం టికెట్టుకు వేలకు వేలు పోసేవారు. ఏడాది పొడవునా లారీలు నడిస్తే సరుకు చవకవుతుంది, రోగిని కిందికి తరలించడం తేలికవుతుంది. అదే లారీలో చవక కూరగాయలు కూడా ఎక్కి వస్తాయి, అప్పుడు స్థానిక రైతు వేసిన క్యాబేజీని శీతాకాలపు ధరకు కొనేవారు ఉండరు. శీతాకాలంలోనూ యాత్రికులు వస్తే హోటళ్లు నిలబడతాయి, నీటి లెక్క మాత్రం అప్పుడు పన్నెండు నెలలకు చేయాలి.

పాంగ్ సౌర విద్యుత్ ప్రాజెక్టు వల్ల ఉపాధి వస్తుందా?

లద్దాఖ్‌లోని పాంగ్ మైదానాల్లో తయారయ్యే 13 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్తును హరియాణాలోని కైథల్ దాకా చేర్చే లైనుకు 2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది, అంచనా వ్యయం 20,773 కోట్లు. నిర్మాణ సమయంలో పని దొరుకుతుంది. ఫలకాలు బిగించాక వాటిని తుడిచేవారికీ కాపలావారికీ మించి పెద్దగా మనుషులు అక్కర్లేదు. ఖాళీగా కనిపించే ఆ మైదానాల్లో చాంగ్‌పాల మేతభూములు ఉన్నాయి కనుక, పరిహారం ఎవరి పేరున ఏ ప్రాతిపదికన ఇస్తారన్నది తేలకుండా దాన్ని స్థానికుల ప్రాజెక్టు అనడం తొందరపాటు.

కేంద్రపాలిత ప్రాంతంగా మారాక ఉద్యోగాల విషయంలో ఏం జరిగింది?

2019 అక్టోబరు 31న జమ్మూ కశ్మీర్ నుంచి విడిపోయినప్పుడు లేహ్‌లో సంబరాలు జరిగాయి. కార్గిల్‌లో నిరసన జరిగింది. కొన్నేళ్లలోనే ఇద్దరూ ఒకే వేదిక మీదకు వచ్చారు. విడిపోవడంతో పాటు శాసనసభ పోయింది, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరిధి పోయింది, భూమికీ ఉద్యోగానికీ ఉన్న పాత రక్షణ పోయింది. రాష్ట్ర హోదా, గిరిజన ప్రాంతాలకు స్వయంపాలనా మండళ్లు కల్పించే రాజ్యాంగపు ఆరో షెడ్యూలు, సొంత సర్వీస్ కమిషన్, లేహ్‌కూ కార్గిల్‌కూ చెరొక లోక్‌సభ స్థానం అన్నవి వారి నాలుగు డిమాండ్లు. ఎనభై శాతం దాకా షెడ్యూల్డు తెగల జనాభా ఉన్నచోట ఆరో షెడ్యూలు అడగడం వింత కోరికేమీ కాదు.

2025 జూన్‌లో కేంద్రం స్థానికతకు పదిహేనేళ్ల నివాస నిబంధన పెట్టి, ఉద్యోగాల్లో 85 శాతం రిజర్వేషన్ ప్రకటించింది. అది చల్లార్చలేదు. అదే ఏడాది సెప్టెంబరు 24న లేహ్‌లో నిరసన హింసగా మారి, కాల్పుల్లో నలుగురు చనిపోయారు. మూడు లక్షల మంది ఉన్నచోట ప్రభుత్వ ఉద్యోగాలు ఎన్ని ఇచ్చినా అందరికీ సరిపోవు. అయినా నియామకాలే జరగని ఏళ్లను పట్టభద్రులు వయసులో లెక్కపెట్టుకుంటారు, బడ్జెట్టు కోట్లలో కాదు.

వచ్చే జనగణనలో ఏం చూడాలి?

దేశమంతటికీ 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ అయితే, లద్దాఖ్ వంటి మంచు ప్రాంతాలకు 2026 అక్టోబరు 1గా ప్రకటించారు. మనం 2011 లెక్క అని చెప్పుకునేది కూడా అక్కడ నిజానికి 2010 అక్టోబరు 1 నాటిది, అంటే వందల మందిని బలిగొన్న లేహ్ ఆకస్మిక వరద తర్వాత రెండు నెలలకు తీసినది. రెండుసార్లూ ఒకే నెల కాబట్టి పోల్చడం సులువు. ఆ తేదీకి కోతలు చాలావరకు ముగిసి ఉంటాయి, కూలీల్లో కొందరు ఇంకా బస్సెక్కి ఉండరు, బయట చదివే పిల్లలు ఇళ్లకు వచ్చి ఉండరు. మొత్తం సంఖ్యను పక్కనపెట్టి, పల్లెల్లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఎందరు, అరవై దాటినవారు ఎందరు, లేహ్ జిల్లాలో స్త్రీల సంఖ్య 54,516 నుంచి ఎంతకు చేరింది అన్న మూడు అంకెలు ముందు చూడాలి. సైనికులూ కూలీలూ వీటిని పెద్దగా కదిలించలేరు.